ఆడగుర్రం నంబరు ఒకటి

వేపగుంట్లపాడుకి మేలుజాతి మగగుర్రం దిగిన నాటికి ఆ ఊళ్ళో నాలుగొందల పన్నెండు గేదెలు, వెయ్యికి పైగా గొర్రెలు, నాలుగు గాడిదలు ఉన్నాయి. గుర్రం మాత్రం ఒక్కటే ఉంది. అది పోలేరమ్మ గుడి గోడ మీద రంగులతో వేసిన గుర్రం. దానికీ మొన్నటి వానలకి వెనక కాలొకటి కొట్టుకుపోయింది.

గుర్రాలు లేని ఊరికి గుర్రమెందుకు వచ్చిందని అడిగేవాళ్ళకి పరిపాలన సంగతి తెలియదని అర్థం. జిల్లా ఆఫీసులో పశువుల లెక్కలు ముందేసుకుని పెద్దలు మూడు రోజులు ఆలోచించారు. గుర్రాల గడిలో వేపగుంట్లపాడుకి ఎదురుగా సున్నా కనిపించింది. సున్నా అంటే గుర్రాల విషయంలో జిల్లా మొత్తానికీ వెనకబడ్డ ఊరన్నమాట. వెనకబడ్డవాళ్ళని ముందు పైకి తేవడం ధర్మం. ఆ ధర్మం ప్రకారం 'సమగ్ర అశ్వసంపద వికాస పథకం' వేపగుంట్లపాడులోనే మొదలైంది. నిజంగా గుర్రాలున్న ఊరివాళ్ళు అర్జీ పెట్టుకుంటే, మీరు ఇప్పటికే వికసించి ఉన్నారని జవాబు వెళ్ళింది.

వచ్చిన గుర్రం పేరు షంషేర్ బహదూర్. దానితో పాటు దాని వంశవృక్షం పదకొండు పేజీలు వచ్చింది. దాని సంరక్షకుడు ఖాసిం సాయిబు ముసలివాడు. ఆయన గుర్రాన్ని పేరు పెట్టి పిలిచేవాడు కాదు, 'దొరగారు' అనేవాడు. దొరగారికి తగిన బస ఊళ్ళో పశువుల ఆసుపత్రి ఒక్కటే కనిపించింది. సిమెంటు నేల, పైన ఫ్యాను ఉన్న కొట్టం అదే మరి. గేదెలని నిలబెట్టి చూడి సూదులు వేసే ఇనప బోను పీకి బయట వేశారు. సూదులు చల్లగా దాచే పెద్ద డబ్బాని సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. అరవై ఆడగుర్రాలని చూడి కట్టించేదాకా ఈ కేంద్రంలో ఇతర జాతులకు సంతానోత్పత్తి సేవలు చెయ్యరాదని గోడకి కాగితం అంటించారు.

ఈ గుర్రం గొడవ చెంచులక్ష్మికి అక్కర్లేకనే పోయేది. ఆమె గొడవలు ఆమెకి చాలు. కూతురు జోషితకి పద్నాలుగో నెల వచ్చినా నోట ఒక్క మాట లేదు. అంగన్‌వాడీలో తూకం వేసిన ప్రతిసారీ కార్డు మీద చుక్క పసుపుపచ్చ పట్టీలోనే పడుతోంది, పక్కనున్న ఆకుపచ్చ పట్టీలోకి ఎక్కనంటోంది. పాలు మాత్రం తగ్గించొద్దని టీచరు చెప్పింది. ఆ రోజునించీ చెంచులక్ష్మి దిండు కింద ఆ కార్డు పెట్టుకుని పడుకుంటోంది. ఎనిమిదో తరగతిలో ఉండగా తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి లేదని ఆమెని బడి మాన్పించారు. అప్పట్నించీ అచ్చులో ఏది కనపడినా వేలు పెట్టి చివరిదాకా చదువుతుంది. బిస్కెట్ల పొట్లమైనా సరే, ఎరువు సంచి అయినా సరే. చదవకుండా వదిలేసిన ముక్కలోనే బిడ్డకి ప్రమాదం ఉంటుందని ఆమె భయం.

ఆ పాలిచ్చే గేదె నల్లపూస. అమ్మమ్మ దగ్గర దూడగా ఉన్నప్పుడు తెచ్చుకుంది. ఇప్పుడు పొద్దున పూట ఒక్క చెంబుడే ఇస్తోంది, అదీ రోజురోజుకీ తగ్గుతోంది. మళ్ళీ చూడి కట్టాలంటే దున్న కావాలి. ఊళ్ళో దున్న లేదు. రెండేళ్ళ కిందట 'నాటు దున్నల నిర్మూలన వారం' అని వచ్చి, అమ్మవారికి వదిలిన దాన్ని కూడా వదలకుండా ఊళ్ళో ఉన్న దున్నలన్నిటికీ విత్తులు కొట్టి, ఇక మీది నూటికి నూరుపాళ్ళు సూది గ్రామమని బోర్డు పెట్టి పోయారు. అంచేత ఊరందరికీ దిక్కు ఆ తాళం వేసిన డబ్బాయే.

ఒకరోజు తెల్లారేసరికి నల్లపూస ఎదకొచ్చి ఊరు లేచేట్టు అరవడం మొదలుపెట్టింది.

"ఇదుగో అమ్మాయ్," అంది అత్త అంకమ్మ, చేటలో కందులు చెరుగుతూ. "ఇప్పటికి రెండు ఎదలు దాటిపోయినయ్. ఇదొకటి, ఆ తరవాతదొకటి చూత్తా. అప్పటికీ కట్టకపోతే శనివారం సంతకి తోలిచ్చేదే. వట్టి బర్రెని మేపటానికి మనకేవన్నా గడ్డివాములు మూలుగుతన్నయ్యా?"

"అది పోతే పిల్లకి పాలెట్టా అత్తా?"

"పాకెట్టు పాలున్నయ్యిగా."

పాకెట్టు మీద రాసింది కూడా చెంచులక్ష్మి చదివే ఉంది. అందులో సగం ముక్కలు అర్థం కాలేదు. అర్థం కానివన్నీ విషాలే అనుకుని ఊరుకుంది. పిల్లని చంకనేసుకుని, నల్లపూసని తోలుకుని ఆసుపత్రికి పోయింది.

కొట్టంలో దొరగారు ఫ్యాను కింద నిలబడి కొత్తిమీర కట్టలా పచ్చని జొన్న మేత నములుతున్నారు. తళతళలాడే ఎర్రటి ఒళ్ళు, దువ్విన జూలు. సూదులు వేసే దానియేలు గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు.

"అన్నా, ఎదకొచ్చి తీగలేసింది. రాత్రికల్లా దాటిపోద్ది. ఒక్క సూది పొడువన్నా."

"గోడ మీద కాగితం చూళ్ళేదా చెల్లే? ఆడగుర్రమైతేనే లోపలికి. బర్రెని ముట్టుకుంటే నా ఉద్యోగం ఊడుద్ది."

"మరి ఆడగుర్రాలేవన్నా వచ్చినయ్యా?"

"ఒక్కటీ రాలా. రాకపోవటానికి కారణాలేందో రోజూ సాయంత్రం రిపోర్టు రాయమన్నారు. నిన్న 'ఎండ' అని రాశా. ఇయ్యాళ ఏం రాయాల్నో తోచక జత్తన్నా."

నల్లపూస వాకిట్లో నిలబడి అరిచీ అరిచీ మధ్యాహ్నానికి గొంతు పోగొట్టుకుంది. చెంచులక్ష్మి ఇంటికొచ్చి క్యాలెండరులో ఇరవై ఒక్క రోజులు లెక్కపెట్టి ఆ తేదీ చుట్టూ పసుపుతో సున్నా చుట్టింది.

ఆడగుర్రాలు రానందుకు కారణం ప్రజల్లో చైతన్యం లేకపోవడమేనని జిల్లా ఆఫీసు తేల్చింది. చైతన్యం తేవడానికి ఉపసంచాలకులు పరాంకుశంగారు స్వయంగా విచ్చేశారు. ఆయన ఫైళ్ళ మీద పెరిగిన మనిషి. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో పశువు దగ్గరికి పోవలసిన అవసరం రాకుండా పైకి వచ్చారు. బడి ఆవరణలో షామియానా కింద మైకు అందుకున్నారు.

"గ్రామ సోదర సోదరీమణులారా! అశ్వము అనునది కేవలము ఒక జంతువు కాదు. అది ఒక దృక్పథము. గేదె వెనుకకు చూచును. అశ్వము ముందుకు చూచును. మీరు ఎటు చూచెదరో మీరే నిర్ణయించుకొనవలెను."

జనం ఎటు చూడాలో తెలియక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చెంచులక్ష్మి లేచి నిలబడింది. పిల్లని చంకలో సర్దుకుంది.

"సార్, మా ఊళ్ళో గుర్రాలు లేవండి. బర్రెలే ఉన్నయ్యండి."

"లేకపోవుట అనునది ఒక తాత్కాలిక స్థితి మాత్రమే తల్లీ!" అన్నారు పరాంకుశంగారు చిరునవ్వుతో. "దరఖాస్తు పెట్టుకొనుము. దరఖాస్తు లేనిదే ప్రభుత్వము ఏమియు చేయజాలదు. దరఖాస్తు ఉన్నచో చేయజాలనిది లేదు."

మనిషికొక దరఖాస్తు కాగితం పంచారు. పొట్లాలు కట్టుకోవడానికి బాగుంటుందని అందరూ పట్టుకుపోయారు. చెంచులక్ష్మి మాత్రం ఇంటికొచ్చి, వసారాలో కూచుని, పిల్ల ఒక మూల నములుతుంటే మిగిలిన మూడు మూలలా చదివింది. పైన 'ఆడగుర్రము నమోదు పత్రము' అని ఉంది. కింద ప్రశ్నలు. పశువు ఆడదా? ఆడదే. వయస్సు మూడేళ్ళు దాటినదా? దాటింది. కాళ్ళు నాలుగూ సరిగా ఉన్నవా? ఉన్నాయి. రంగు? నలుపు. తోక ఉన్నదా? ఉంది. ఆహారం? గడ్డి. ఇంతకుముందు ఈనినదా? ఒకసారి.

చెంచులక్ష్మి వేలు కింది గీత దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ పైకొచ్చింది. మళ్ళీ కిందికి పోయింది.

"అత్తా! ఇందులో అన్నీ అడిగారు గానీ, ఇది గుర్రమేనా అని ఎక్కడా అడగలా."

"ఎందుకడుగుతారే? గుర్రం లేనోళ్ళు దరకాస్తు పెడతారా?"

"కొమ్ములున్నయ్యా అని గూడా అడగలా."

అంకమ్మ చేట ఆపి కోడలి వంక చూసింది. "ఏవే చెంచీ, నీకేవన్నా గాలి సోకిందా?"

"నేను అబద్ధం రాయటంలా అత్తా. అడిగినదానికి జవాబు రాత్తన్నా, అంతే."

అబద్ధమంటే చెంచులక్ష్మికి నిజంగానే భయం. అబద్ధం రాస్తే ఆ పాపం పిల్లకి తగులుతుంది. అందుకని పిల్ల నమిలిన కాగితం పెట్టెలో దాచి, అత్త తెచ్చుకున్న కాగితం మీద ఒక్క అక్షరం తేడా లేకుండా రాసింది. 'స్వభావము' అన్నచోట 'మంచిది, పిండేటప్పుడు ఈగ వాలితే తన్నును' అని రాసింది. 'పరుగు' అన్నచోట 'చెరువు వైపు బాగుగా ఉరుకును' అని రాసింది. 'ఎత్తు (బెత్తెలలో)' అని ఉంటే నల్లపూస పక్కన నిలబడి, తన చిన్న అరచెయ్యి ఆనించుకుంటూ పైదాకా కొలిచి, పదిహేడు అని వేసింది.

ఆ పదిహేడు జిల్లా ఆఫీసులో కలకలం పుట్టించింది. గుర్రపు బెత్తె మగవాడి గుప్పిలంత ఉంటుంది. ఆ కొలతకి పదిహేడు బెత్తెల ఆడగుర్రం అంటే ఏనుగు పక్కన కట్టెయ్యదగ్గది. "ఇంతటి అశ్వము ఒక గుడిసె వెనుక అజ్ఞాతముగా గడ్డి మేయుచున్నదా!" అని పరాంకుశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారట. వారం తిరక్కుండా మెరిసే అట్టలో బిగించిన ధ్రువపత్రం వచ్చింది. పేరు నల్లపూస. ఆడగుర్రం నంబరు ఒకటి.

పసుపు సున్నా రోజు రానే వచ్చింది. నల్లపూస అరిచింది. చెంచులక్ష్మి ఒక చంకలో పిల్లని, ఇంకో చేత్తో ధ్రువపత్రాన్ని పట్టుకుని ఆసుపత్రి గుమ్మంలో నిలబడింది.

దానియేలు కాగితం చూశాడు. గేదెని చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"చెల్లే, ఇది బర్రె."

"నువ్వంటన్నావ్ బర్రెని. ఆళ్ళు గుర్రమన్నారు. ఇందులో సంతకం నీదా, ఆళ్ళదా?"

దానియేలు ఆలోచించాడు. తనకంటే పైవాళ్ళ సంతకం ఉన్న కాగితాన్ని కాదనడమంటే క్రమశిక్షణ తప్పడమే. "సరే. గుర్రమే అనుకుందాం. అయితే నిబంధన ప్రకారం ముందు దొరగారికే చూపియ్యాల," అన్నాడు.

నల్లపూసని కొట్టంలోకి తోలారు. ఖాసిం సాయిబు లేచి నిలబడి, "యా అల్లా!" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. దొరగారు తలెత్తి ఒక్క చూపు చూసి, పదకొండు పేజీల వంశమూ గుర్తొచ్చినట్టు ముక్కుపుటాలు ఎగరేసి, అటు తిరిగిపోయారు. నల్లపూస దొరగారి ముందున్న జొన్న మేత వంకే చూస్తూ నిలబడింది.

"అమ్మా, మా దొరగారి అమ్మమ్మ నవాబుల గుమ్మంలో పుట్టిందమ్మా. ఈయన్ని ఇట్టా అవమానం చేయటం బాగుందా?" అన్నాడు సాయిబు.

"మా నల్లపూస మటుకు అడిగిందా తాతా? రూలు అడిగింది."

దానియేలు రిజిస్టరు తెరిచి మొదటి గీతలో రాశాడు: 'అశ్వము అనాసక్తి ప్రదర్శించెను.' తరవాత నిబంధనల పుస్తకం తిరగేశాడు. తొమ్మిదో నిబంధన దగ్గర అతని మొహం వెలిగింది. సహజ పద్ధతి ఫలించనిచో, కేంద్రమున అందుబాటులో నున్న సూదిని వాడవచ్చును.

"కేంద్రంలో అందుబాటులో ఉన్న సూదులేంది సాయిబూ?"

"నన్నడుగుతావేంది? నీ డబ్బాలో ఉన్నయ్యేగా."

డబ్బాలో ఉన్నవన్నీ ముర్రా దున్నపోతు సూదులు. నిబంధనలో ఏ జాతి సూది అని లేదు. తాళం తీశారు. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. చెంచులక్ష్మి ఇంటికొస్తూ దారి పొడుగునా పోలేరమ్మకి దండం పెట్టుకుంది. గోడ మీది మూడుకాళ్ళ గుర్రానికి కూడా ఒక దండం పెట్టింది, ఎందుకైనా మంచిదని.

సంగతి సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాటికి దరఖాస్తు కాగితాలకి కరువొచ్చింది. వాటిలో మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కొట్టువాడి దగ్గరికి పోయి, నూనె మరకలు పడ్డవి కూడా అడుక్కుని తెచ్చుకున్నారు. రాయడం రానివాళ్ళు చెంచులక్ష్మి వసారాలో వరస కట్టారు. ఆమె పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని అందరికీ రాసిపెట్టింది. ఒక్క అబద్ధం రాయలేదు. ఎదకొచ్చిన ప్రతి గేదే దొరగారి ముందు నిలబడేది. దొరగారు మొహం తిప్పుకునేవారు. దానియేలు 'అశ్వము అనాసక్తి ప్రదర్శించెను' అని రాసి తాళం తీసేవాడు. ఇలా మూడు నెలలు తిరిగేసరికి అరవై గీతలు నిండాయి.

"మా దొరగారు చిక్కిపోతన్నారు," అనేవాడు ఖాసిం సాయిబు దిగులుగా. "పొద్దస్తమానం మొహం తిప్పీ తిప్పీ మెడ పట్టేసింది."

అరవై సంఖ్య జిల్లాకి చేరింది. జిల్లా నించి రాష్ట్రానికి చేరింది. అక్కణ్ణించి అభినందనలు, వాటితోపాటు అరవై గుర్రపు జీన్లు వచ్చాయి. జీన్లలో కోళ్ళు చక్కగా గుడ్లు పెట్టాయి. అంకమ్మ ఒకదాన్ని ఎండలో వేసి వడియాలు పెట్టింది. ఊరి మొదట 'ఆదర్శ అశ్వ గ్రామము, వేగము తగ్గించుడు' అని బోర్డు నాటారు. తరవాత లాడాలు కొట్టే నిపుణుడు వచ్చాడు. మొదటి డెక్కే ఎత్తి చూసి, ఊళ్ళో ఆడగుర్రాలన్నిటికీ డెక్కలు మధ్యకి చీలిపోయి ఉన్నాయని గాభరాగా టెలిఫోను చేశాడు. దాని మీద ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. కమిటీవాళ్ళు రెండు రోజులు ఊళ్ళో ఉండి, గడ్డపెరుగుతో భోంచేసి, నివేదిక రాశారు. ఈ ప్రాంతపు అశ్వములకు తలపై ఎముక పెరుగుదల, డెక్కలయందు చీలిక సహజ లక్షణములు కనుక ఇది ఒక అరుదైన స్థానిక జాతియని, దీనికి 'వేపగుంట్లపాడు శృంగాశ్వము' అని నామకరణం చేయదగునని అందులో ఉంది.

ఆ నివేదిక చదివిన తరవాత ఏ అధికారి గేదెని చూసినా గుర్రంగానే కనిపించేది.

నల్లపూస చూడి కట్టింది. సంత మాట అత్త మర్చిపోయింది. పది నెలలు నిండీ నిండగానే ఒక పొద్దున్నే నల్లపూస నల్లగా నిగనిగలాడే పెయ్యదూడని ఈనింది. జున్ను కాచారు. చాన్నాళ్ళకి ఇంట్లో గిన్నె నిండా పాలు పొంగాయి. చెంచులక్ష్మి ఆ పొంగు చూస్తూ పిల్లని ముద్దులతో ముంచెత్తింది.

మూడో రోజు జీపు వచ్చింది. వెనక ఒక పెద్ద వ్యాను వచ్చింది. పరాంకుశంగారు దిగి, నల్లపూస వంకా దూడ వంకా నమస్కారం పెట్టినంత పని చేశారు.

"తల్లీ, ఆందోళన పడకుము. అశ్వము పదకొండు మాసములు మోయవలెను. నీ అశ్వము పది మాసములకే ప్రసవించెను. అనగా ఇది నెల తక్కువ శిశువు. దీని ప్రాణరక్షణ ప్రభుత్వ బాధ్యత. తల్లిని, శిశువును జిల్లా అశ్వశాలకు తరలించి రెండు సంవత్సరములు సంరక్షించెదము."

"రెండేళ్ళా!" చెంచులక్ష్మి నల్లపూస పలుపు పట్టుకుంది. "మరి పాలు సార్?"

"పాలు శిశువునకు."

"నా పిల్లకి సార్!"

"నీ పిల్ల నెల తక్కువ పిల్లయా?"

"కాదండి. పసుపు పట్టీలో..."

"అయినచో ఆ శాఖ వేరు," అన్నారు పరాంకుశంగారు జాలిగా. "అదియును గాక పద్నాలుగవ నిబంధన ప్రకారము ప్రభుత్వ అశ్వము వలన కలిగిన సంతానము, తల్లితో సహా, ప్రభుత్వ ఆస్తి. దరఖాస్తు వెనుక అచ్చు వేసియున్నాము. చదువుకొనలేదా?"

చివరిదాకా చదివేదే తాను, ఆ ఒక్క కాగితమే వెనక తిప్పి చూడలేదు! వ్యాను తలుపు కింద పలక దించుతున్నారు. ఊరు ఊరంతా వాకిట్లో పోగయింది. అది గేదె అని అరిచి చెబుదామంటే అందరూ ఆమె వంకే చూస్తున్నారు. యాభై తొమ్మిది కొట్టాల్లో యాభై తొమ్మిది చూడి గేదెలున్నాయి. ఆ మాట ఇప్పుడు బయటపడితే దానియేలు ఉద్యోగం పోతుంది, డబ్బాకి మళ్ళీ తాళం పడుతుంది. బయటపడకపోతే ఒక్కొక్కటే ఈనగానే ఒక్కొక్క వ్యాను వస్తుంది. అంకమ్మ వచ్చి కోడలి పక్కన నిలబడి, పిల్లని తన చంకలోకి తీసుకుంది.

"సార్, ఒక్క నిమిషం," అంది చెంచులక్ష్మి. పెట్టెలో దాచిన దరఖాస్తు కాగితం తెచ్చి వెనక్కి తిప్పింది. ఒక మూల పిల్ల నమిలేసింది గాని పద్నాలుగోది మిగిలింది. వాకిట్లోనే కూచుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. పరాంకుశంగారు ఎవరో తెచ్చి వేసిన కుర్చీలో కూచుని గడియారం చూసుకున్నారు. ఆమె మళ్ళీ చదివింది. వేలు ఒక ముక్క మీద ఆగిపోయింది.

"సార్, 'ప్రభుత్వ అశ్వము వలన కలిగిన' అని ఉందండి."

"ఉన్నది."

"మరి ఇది ఆ గుర్రం వల్ల కలిగిందని ఎవరు చెప్పారండి?"

పరాంకుశంగారి కనుబొమలు పైకి పోయాయి. "రిజిస్టరు చెప్పును!"

"అయితే చదివించండి సార్."

దానియేలు ఆసుపత్రికి పరిగెత్తి రిజిస్టరు తెచ్చాడు. "ఆడగుర్రం నంబరు ఒకటి. అశ్వము అనాసక్తి ప్రదర్శించెను," అన్నాడు.

"తరువాత?"

"నంబరు రెండు. అశ్వము అనాసక్తి ప్రదర్శించెను."

"తరువాత?"

"మూడూ అంతే సార్. నాలుగూ అంతే. అయిదు దగ్గర 'తీవ్ర అనాసక్తి' అని ఉంది సార్."

అరవై గీతలూ చదివారు. చదువుతున్నకొద్దీ పరాంకుశంగారు ఒక్కో మెట్టు దిగినట్టు కుర్చీలో కిందికి జారారు. రిజిస్టరులో ఆయన ప్రతి నెలా పెట్టిన సంతకాలున్నాయి.

ఖాసిం సాయిబు ముందుకొచ్చాడు. "నిజం సార్. మా దొరగారు ఒక్కదాన్ని కూడా కన్నెత్తి చూళ్ళా. ఆయన శీలానికి నేను పూచీ. ఖురాన్ పట్టుకుని చెప్తా."

"అయినచో ఈ అరవై అశ్వములు ఎట్లు గర్భము దాల్చినవయ్యా? రాష్ట్రమునకు నివేదిక పంపితినే! వచ్చే వారము నాకు పురస్కార సభయే!" పరాంకుశంగారి గొంతు ఏడుపు దాకా వచ్చింది. దానియేలు తొమ్మిదో నిబంధన చెప్పబోయి, చెంచులక్ష్మి చూపు చూసి నోరు మూసుకున్నాడు.

"సార్," అంది చెంచులక్ష్మి. పెద్దాయన అట్లా అయిపోతే ఆమెకే జాలేసింది. "గుర్రం చూడకపోతే చూడకపోయింది గానీ, మా వాటిని దాని ముందు నిలబెట్టిన మాట నిజమండి."

పరాంకుశంగారు తలెత్తారు. "ఏమంటివి? అశ్వము చూడలేదు. కాని ఇవి అశ్వమును చూచినవా?"

"అటే చూశాయి సార్," అన్నాడు సాయిబు. "రెప్ప వెయ్యకుండా. జొన్న మేత ఆయన ముందే ఉంటది గదా."

చివరి ముక్క పరాంకుశంగారి చెవిన పడలేదు. ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు. మొహంలో వెలుగు, కళ్ళలో నీళ్ళు.

"దర్శనము! దర్శన మాత్రము చేతనే! స్పర్శ లేదు, వ్యయము లేదు! రాయుమయ్యా దానియేలూ! వేపగుంట్లపాడు శృంగాశ్వము మేలుజాతి అశ్వమును దర్శించినంతనే గర్భము దాల్చును. కావున ఒక్క అశ్వమును వాహనముపై నిలిపి, జిల్లా అంతటను ఊరూరా ప్రదర్శించినచో..."

"పద్నాలుగో నిబంధన సార్?" అంది చెంచులక్ష్మి.

"ఆఁ? అది వర్తించదు తల్లీ. దర్శనము వలన కలిగిన సంతానము దర్శించినవారిదే. రాయుమయ్యా, అదియును రాయుము!"

వ్యాను ఖాళీగా పోలేదు. నల్లపూసని ఎక్కిద్దామని దించిన పలక మీదుగా దొరగారు ఎక్కారు. జిల్లాలో మూడొందల ఊళ్ళు తిరగాలి. వెంట ఖాసిం సాయిబు ఎక్కాడు. దర్శనం సక్రమంగా జరిగేటట్టు చూడడానికి దానియేలుని కూడా వేశారు. అతను సూదుల డబ్బాని గోనెసంచిలో చుట్టి, దొరగారి మేత కింద పెట్టుకున్నాడు. ముందు మన ఊరికే రావాలన్నా అని యాభై తొమ్మిది ఇళ్ళవాళ్ళూ కేకలేస్తే, ప్రతి ఇరవయ్యొకటో రోజూ ఇక్కడే మజిలీ అని అరిచి చెప్పాడు.

ఆ నెల తూకంలో జోషిత చుక్క ఆకుపచ్చ పట్టీలోకి ఎక్కింది. టీచరు పొరపాటు పడిందేమోనని చెంచులక్ష్మి మళ్ళీ తూయించింది. రెండోసారీ ఆకుపచ్చే. ఇంటికొచ్చి వేడి పాలు తాగించింది. పిల్ల మూతి చుట్టూ తెల్లటి మీసంతో వసారాలోంచి నల్లపూస వంక వేలు చూపించి, పుట్టాక మొదటిసారి నోరు తెరిచి మాట పలికింది.

"గుయ్యం!"

అంకమ్మ చేట వదిలేసి పడీపడీ నవ్వింది. చెంచులక్ష్మి ఆనందంతో పిల్లని గాల్లోకి ఎత్తింది. ఆ వెంటనే అలవాటైన భయం పట్టుకుంది. రేపు బడిలో బొమ్మల పుస్తకం చూపించి అడిగితే ఏం చెబుతుంది ఈ పిల్ల? దగ్గరికి తీసుకుని, మూతి తుడిచి, చెవిలో మెల్లిగా చెప్పింది.

"ఇంట్లో బర్రె అనాలమ్మా. ఎవరన్నా కాగితం పట్టుకొచ్చి అడిగితేనే గుర్రం."